క్యాప్స్ లాక్ దీపం చెప్పే సంగతి

పాత కంప్యూటరుకు ఒక తమాషా అలవాటుంది. స్విచ్ వేయగానే తన ఒళ్లంతా ఒకసారి తడిమి చూసుకుంటుంది. కీబోర్డు తగల్లేదనుకోండి, "కీబోర్డు లేదు, ముందుకు పోవాలంటే ఎఫ్1 నొక్కండి" అని తెర మీద రాసి కూర్చుంటుంది. లేని మీటను నొక్కడం ఎలాగర్రా! నవ్వితే నవ్వారు గానీ, ఆ వాక్యాన్ని కొట్టిపారెయ్యకండి. అది కనబడిందంటే విండోస్ ఇంకా నిద్ర లేవకముందే తంటా వచ్చిందన్నమాట. తప్పు తీగలోనో, సాకెట్లోనో, కీబోర్డులోనో ఉంది.

ఆ వాక్యం రాలేదు, కంప్యూటరు మామూలుగానే లేచింది, కానీ ఏ అక్షరమూ పడటం లేదు. అప్పుడు క్యాప్స్ లాక్ నొక్కి, దాని దీపం చూడండి. ఆ దీపాన్ని కీబోర్డు తనంతట తాను వెలిగించుకోదు. మీట నొక్కిన కబురు ముందు కంప్యూటరుకు చేరాలి, "సరే, వెలిగించు" అని అక్కణ్ణించి ఆజ్ఞ తిరిగి రావాలి. దీపం వెలిగి ఆరుతోందంటే రాకపోకలు రెండూ బాగున్నట్టే. ఇక తీగలు పీకి లాభం లేదు, తప్పు విండోస్‌లో వెతకాలి. విండోస్‌లో ఫిల్టర్ కీస్ అని ఒకటుంది, కుడివైపు షిఫ్టును ఎనిమిది సెకన్లు నొక్కి ఉంచితే అది మేలుకుంటుంది. ఆ తర్వాత గబగబా కొట్టే అక్షరాలను లెక్కచెయ్యదు. చేతులు వణికేవారి కోసం పెట్టిన మంచి ఏర్పాటే, తెలియనివారికి మాత్రం కీబోర్డు చచ్చిపోయినట్టుంటుంది.

దీపం ఉలకలేదు, పలకలేదు. మౌస్ కూడా కదలకపోతే కంప్యూటరే బిగుసుకుపోయింది, కీబోర్డును తిట్టకండి. మౌస్ బాగుంటే కంప్యూటరు ఆపి, దాని వెనకవైపు వంగి చూడండి. గుండ్రటి సాకెట్లు రెండు ఉంటాయి, ఐబీఎం వారు 1987లో తెచ్చిన పీఎస్/2 రకం. ఊదారంగుది కీబోర్డుకు, పచ్చది మౌసుకు. ఆకారం ఒకటే కాబట్టి ఒకదాని బదులు ఇంకొకటి దూరిపోతుంది, పని మాత్రం చెయ్యదు. తీగ కొసనున్న ఆరు సూదుల్లో ఏదైనా వంగిందేమో చూడండి. కరెంటు ఉండగా దీన్ని పీకి గుచ్చకూడదు. యూఎస్‌బీలా దీన్ని అందుకు తయారుచెయ్యలేదు. మళ్లీ స్విచ్ వేసినప్పుడు కీబోర్డు మీద దీపాలు ఒక్కసారి మిణుక్కుమంటే అయిదు వోల్టుల కరెంటు అందుతున్నట్టు.

కొన్ని మీటలే మొరాయిస్తే కథ వేరు. చవక కీబోర్డు లోపల మూడు పల్చటి ప్లాస్టిక్ పొరలుంటాయి. పైపొర మీదా కింది పొర మీదా కరెంటు పారే గీతలు, నడిమి పొరకు చిల్లులు. మీట నొక్కితే పై గీత ఆ చిల్లులోంచి కింది గీతను తాకుతుంది. మగ్గం మీద పడుగూ పేకా ఉన్నట్టే ఈ గీతల అల్లిక. ఒక్క పోగు తెగితే దాని మీదున్న మీటలన్నీ ఒకేసారి మూగబోతాయి. మన చెన్నై ఉక్క, సముద్రపు ఉప్పుగాలి ఆ గీతలకు గిట్టవు. ఫిల్టర్ కాఫీ మరీ పగ. నీళ్లైతే ఆరిపోతాయి, పాలూ పంచదారా అంటుకుపోతాయి. ఒలికిన వెంటనే తీగ పీకి, బోర్లించి, బాగా ఆరనివ్వాలి.

గీత తెగిన కీబోర్డును బాగుచేయించడం దండగని నా అభిప్రాయం. మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్ ఉండనే ఉంది. దాన్ని ఆనుకున్న చింతాద్రిపేట 1734లో ఈస్టిండియా కంపెనీవారు నేతపనివారి కోసం వెలయించినది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల తీగలూ చిప్పులూ అమ్ముతున్నారు! అక్కడ యూఎస్‌బీ కీబోర్డు కొంటే ఒక్క జాగ్రత్త. మరీ పాత కంప్యూటర్లలో విండోస్ కంటే ముందు నడిచే బయోస్‌లోని యూఎస్‌బీ కీబోర్డు సదుపాయం మూసి ఉంటే, విండోస్ వచ్చేదాకా అది పలకదు. యూఎస్‌బీ తీగను గుండ్రటి సాకెట్లో దూర్చే ఊదారంగు చిన్న అడాప్టర్ కూడా అన్ని కీబోర్డులకూ పనికిరాదు, యూఎస్‌బీ, పీఎస్/2 రెండు భాషలూ వచ్చిన కీబోర్డుకే పనికొస్తుంది.

వెళ్లేటప్పుడు పాత కీబోర్డును కూడా సంచిలో వేసుకోండి. కొనేముందు దాన్ని దుకాణంలో మరో కంప్యూటరుకు తగిలించి చూపమనండి. అక్కడ అక్షరాలు పడితే తప్పు మీ కంప్యూటరుది, కొత్త కీబోర్డు కొనక్కర్లేదు.