రంగు క్రింది త్రుప్పు

వంగదేశమందలి ఉత్తరపారాలో అంబాసిడరు కార్ల తయారీ 2014లో ఆగిపోయెను. ఇంట మిగిలిన కారును ఇక మనమే కాపాడుకొనవలెను.

దాని ఉక్కు రేకునకు రంగే కవచము. చిన్న గీటు పడినచో తేమయు, ప్రాణవాయువును చొరబడి ఇనుమును త్రుప్పుగా మార్చును. పైకి కనబడునది బొబ్బ, లోపల చిల్లు.

ముందుగా బొబ్బను గోకి, మెరయు లోహము కనబడువరకు గరుకుకాగితముతో రుద్దవలెను. ధూళిని, జిడ్డును తుడిచి రెడ్ ఆక్సైడు పూయవలెను. పల్లమున్నచోట లప్పము పెట్టి, ఆరిన పిమ్మట చదును చేయవలెను. ఆపైన రంగును పలుచగా, పొర ఆరిన పిమ్మట పొరగా వేయవలెను. పాత రంగు ఎండకు వెలిసియుండును గనుక, మొదట మరుగుచోట పూసి పోల్చి చూచుట మేలు.

త్రుప్పుపైననే రంగు పూసినచో కొన్నాళ్లకే బొబ్బ మరల లేచును. వ్రాతప్రతులను పరిష్కరించువారు దీని నెరుగుదురు: తప్పును తొలగింపక పెట్టిన మెరుగు నిలువదు.