మొదటి ఏడాది హాస్టలా, ఇల్లా?

పన్నెండో తరగతి ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి కౌన్సెలింగ్ ముగిసేదాకా మా స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర ఒక ప్రశ్న తిరుగుతూనే ఉంటుంది. "మేడమ్, హాస్టల్లో చేరమంటారా? ఇంటి నుంచే వెళ్లి రమ్మంటారా?" ఏ బ్రాంచి తీసుకోవాలో సలహా చెప్పేవాళ్లు ఊరంతా ఉంటారు. ఈ ప్రశ్నకు మాత్రం ఇంట్లో అమ్మ ఒకటి అంటుంది, నాన్న ఇంకొకటి అంటారు, అమ్మమ్మ ఫోన్లో మూడోది అంటుంది. చివరికి ఫారం గడువు ముగిసే రాత్రి ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాట నెగ్గుతుంది. ఆ రాత్రి రాకముందే చదువుకుంటారని ఇది రాస్తున్నాను.

ఈ విషయంలో అందరూ చెప్పే మాటలు మీకు తెలిసినవే. ఇంట్లో ఉంటే వేడి అన్నం, తక్కువ ఖర్చు. హాస్టల్లో ఉంటే స్నేహితులు, స్వేచ్ఛ, పక్కనే లైబ్రరీ. అంతా నిజమే. కాని ఈ లెక్క వేసేవాళ్లు ఇల్లు ఎక్కడికీ పోదని ముందే అనుకుని మొదలుపెడతారు. సూరత్‌లో లింబాయత్ వైపు మన తెలుగువాళ్లున్నారు. మగ్గాల పనికి తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. ఆ ఇంటి పిల్లవాడు సూరత్‌లో కాలేజీలో చేరితే, నాలుగేళ్ల తర్వాత కూడా అదే గల్లీలో, అదే ఇంట్లో ఉంటాడు. వాడి ముందు నిజంగానే రెండు దారులున్నాయి. మన ఇళ్ల సంగతి వేరు. మీ నాన్నగారి ఆర్డరు ఏప్రిల్‌లో రావచ్చు, అక్టోబరులో రావచ్చు. కాబట్టి హాస్టల్ బాగుంటుందా లేదా అని అడిగేముందు, మన ఇల్లు ఈ ఊళ్లో ఇంకా ఎంతకాలం ఉంటుందో ఇంట్లో అడగండి.

నాకు ఇది అనుభవం మీద తెలిసింది. మా నాన్నగారిదీ బదిలీల ఉద్యోగమే. నేను డిగ్రీలో చేరినప్పుడు కాలేజీ మా క్వార్టర్ నుంచి పదిహేను నిమిషాల నడక. హాస్టల్ ఫారం తెచ్చుకోవాలన్న ఆలోచనే రాలేదు. దసరా సెలవులు అయిన వారానికి నాన్నకు వేరే రాష్ట్రానికి బదిలీ అయింది. వార్డెన్ దగ్గరికి పరిగెత్తితే, గదులు జులైలోనే నిండిపోయాయమ్మా, వచ్చే ఏడు చూద్దాం అన్నారు. ఆవిడ తప్పేం లేదు. మిగిలిన నెలలన్నీ దూరపు బంధువుల ఇంట్లో, హాల్లో పడుకుని చదువుకున్నాను. వాళ్లు మంచివాళ్లే. కాని పదింటికి హాల్లో లైటు ఆర్పేస్తారు. ఆ తర్వాత చదవాలంటే వంటింటి గడప దగ్గర కూర్చోవాలి. ఒక పూట ఆలస్యంగా వస్తే అన్నం ఉందా అని అడగడానికి మొహమాటం. రెండో ఏడు హాస్టల్లో చేరేసరికి అందరికీ జట్లు కుదిరిపోయాయి, నాకు మిగిలిన మంచం దొరికింది. మొదటి ఏడాది మార్కులు ఎన్నో ఇక్కడ రాయను.

ఇప్పుడు మన కడోదరా పిల్లల సంగతి చూద్దాం. ముందు సీటు ఎక్కడ రావచ్చో తెలియాలి. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు ఆ రాష్ట్రంవాళ్లకు, సగం బయటివాళ్లకు. ఎవరు ఏ రాష్ట్రంవాళ్లన్నది మీ మాతృభాషను బట్టో, తాతగారి ఊరిని బట్టో నిర్ణయించరు. పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారన్నదే చూస్తారు. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటారు, సంక్రాంతికి గుంటూరు వెళ్తారు, అయినా జేఈఈ లెక్కలో మీరు గుజరాత్‌వాళ్లు. వరంగల్ ఎన్‌ఐటీకి మీరు బయటి రాష్ట్రం విద్యార్థి, సూరత్ ఎన్‌ఐటీకి సొంత రాష్ట్రం విద్యార్థి. చాలామంది తల్లిదండ్రులకు ఈ సంగతి ఫారం నింపేటప్పుడు గాని తెలియడం లేదు. అందువల్ల మన పిల్లలకు సూరత్‌లోనే సీటు వచ్చే అవకాశం తక్కువేమీ కాదు. 1961లో ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైన సర్దార్ వల్లభ్‌భాయ్ ఎన్‌ఐటీ ఇచ్ఛానాథ్ దగ్గర ఉంది. 1965లో ఏర్పడి, 2004 నుంచి కవి నర్మద్ పేరుతో నడుస్తున్న దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం కూడా ఊరికి ఆ కొసనే. కడోదరా ఏమో ఈ కొసన, నలభై ఎనిమిదో నంబరు జాతీయ రహదారి మీద. మధ్యలో సూరత్ అంతా ఉంది.

దూరం ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. ఫోన్లో మ్యాపు చూసి, ఎంతో లేదు మేడమ్, ముప్పావుగంటే అంటారు. ఏ రాత్రి పదకొండింటికో చూసి ఉంటారు. పొద్దున ఎనిమిదింటికి సారోలి దగ్గర బట్టల బేళ్లతో నిలబడ్డ టెంపోలు, లారీల వెనక ఆగి చూడండి. షేరింగ్ ఆటో, ఆ తర్వాత బస్సు, చివర కాస్త నడక. అన్నీ కలిపి ఒక్కోవైపు గంటన్నర అనుకుందాం. రోజుకు మూడు గంటలు. ఏడాదికి 180 పనిదినాలు అనుకుంటే 540 గంటలు, అంటే రాత్రింబవళ్లు కలిపి ఇరవై రెండున్నర రోజులు రోడ్డు మీదే గడుస్తాయి. వానాకాలంలో ఖాడీలు పొంగితే ఈ లెక్క కూడా పనికిరాదు. సాయంత్రం అయిదింటి తర్వాత జరిగే క్లబ్బులు, ఆటలు, సీనియర్లు జూనియర్లకు లెక్కలు చెప్పే గంటలు మీకు ఉండవు. మొదటి ఏడాది స్నేహాలన్నీ ఆ వేళల్లోనే ఏర్పడతాయి.

నా మాట నమ్మక్కర్లేదు. కాలేజీ తెరవకముందే ఒక సోమవారం బయల్దేరి తొమ్మిదింటికల్లా క్యాంపస్ గేటు దగ్గర ఉండేలా వెళ్లండి. సాయంత్రం ఆరింటికి అక్కడి నుంచి తిరిగి రండి. వరసగా మూడు రోజులు అలా చేసి చూడండి. మూడో రోజు రాత్రి పుస్తకం తెరవబుద్ధి వేసిందా లేదా అన్నది మీకే తెలుస్తుంది.

డబ్బు సంగతి దాచిపెట్టి మాట్లాడకూడదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలు ఇంటికి కనీసం 50 కిలోమీటర్ల దూరంలో హాస్టల్లో ఉండి చదివితే సబ్సిడీ ఇస్తారు. నెలకు 6,750 రూపాయలుగా ఉన్నది 2024 జనవరి నుంచి 8,437 రూపాయల 50 పైసలు అయింది. ఇది చూసి, హాస్టల్ ఖర్చు ఆఫీసువాళ్లు ఇస్తారులే అని ధీమాగా ఉన్న నాన్నలను నేను చూశాను. ఆ సబ్సిడీ పన్నెండో తరగతి వరకే. బీటెక్‌కీ, డిగ్రీకీ రాదు. హాస్టల్ రుసుము, మెస్ డిపాజిట్ చాలాచోట్ల సెమిస్టర్‌కి ఒకేసారి కట్టాలి. కాబట్టి జూన్, జులైల్లో చేతిలో ఎంత ఉంటుందో ఇంట్లో ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. హాస్టల్ పక్కన ప్రైవేటు పీజీ చవక అనుకునేవాళ్లు అడ్వాన్సు, కరెంటు బిల్లు, ఆదివారం రాత్రి భోజనం, సెలవుల్లో కూడా కట్టాల్సిన అద్దె కలిపి చూసుకోవాలి. ఇక క్వార్టర్ ఉందిగా అంటారా? పిల్లల చదువు కారణంగా బదిలీ తర్వాత కొన్ని నెలలు ఉంచుకోనిస్తారేమో గాని, నాలుగేళ్లు ఎవరూ ఉంచరు.

చదువు కోసం ఇల్లు వదలడం మన తెలుగువాళ్లకు కొత్త కాదు. హాస్టళ్లు లేని రోజుల్లో బీదపిల్లలు పట్నం వచ్చి వారాలు చేసుకుని చదువుకునేవాళ్లు. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో. వారాలబ్బాయి అనే మాట అలా పుట్టిందే. ఏ ఇంట్లోనైనా ఒక వారం తప్పిపోతే ఆ రోజు పస్తు. హైదరాబాదులో 1918లో మొదలైన రెడ్డి హాస్టల్ లాంటివి ఈ ఇబ్బందికి జవాబుగా వచ్చాయి. పల్లెల నుంచి వచ్చే పిల్లలకు తిండి, గది, గ్రంథాలయం ఒక్కచోట దొరికాయి. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డిగారు కొన్నేళ్లు ఆ హాస్టల్ బాధ్యతలు చూశారు. హాస్టల్ అంటే విలాసం అనుకునే పెద్దవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

మొదటి ఏడాది కష్టపడ్డవాళ్లలో మన గుజరాత్ మహానుభావుడు కూడా ఉన్నాడు. గాంధీగారు 1888లో రాజ్‌కోట్ వదిలి భావనగర్ సామల్‌దాస్ కాలేజీలో చేరారు. పాఠాలు అర్థం కాక, మొదటి టర్మ్ అయ్యాక ఇంటికి తిరిగొచ్చేశారు. అదే ఏడాది సెప్టెంబరులో లండన్‌కి ఓడ ఎక్కారు. నాకు ఇష్టమైన భాగం ఆ తర్వాతది. లండన్‌లో మొదట ఒక కుటుంబంతో ఉన్నారు. ఖర్చు లెక్క రాసుకుని చూస్తే ఎక్కువైంది. పని ఉన్నచోటికి అరగంటలో నడిచి వెళ్లగలిగేలా గదులు తీసుకున్నారు. బండి ఖర్చు తగ్గింది, రోజూ ఎనిమిది పది మైళ్ల నడక అలవాటైంది. తర్వాత రెండు గదులు ఒకటయ్యాయి, పొద్దుటి తిండి స్టవ్ మీద తనే వండుకున్నారు. అంటే ఎక్కడ ఉండాలన్నది ఆయన ఒక్కసారి నిర్ణయించి ఊరుకోలేదు. లెక్క చూసుకుంటూ, సరిచేసుకుంటూ వెళ్లారు. మీరూ ఒక సెమిస్టర్ చూసి మార్చుకోవచ్చు. కాని హాస్టల్లోంచి ఇంటికి మారడం తేలిక. ఏడాది మధ్యలో ఇంటి నుంచి హాస్టల్‌కి మారడం ఎంత కష్టమో నా కథలో చూశారుగా.

మీలో చాలామందికి ఒక ధైర్యం ఉంది. "మేడమ్, నేను ఆరు స్కూళ్లు మారాను, హాస్టల్ ఒక లెక్కా?" అంటారు. మీకు కొత్త ఊరు అలవాటే, ఒప్పుకుంటాను. కాని ఇన్నాళ్లూ మీతో పాటు ఇల్లంతా కదిలింది. అదే మంచం, అదే కుక్కర్, అదే అమ్మ కేకలు. లారీలో సామాను దిగగానే ఇల్లు మళ్లీ ఇల్లయిపోయేది. ఈసారి మీరొక్కరే దిగుతారు. ఇంకొకటి. హాస్టల్లో మొదటి సాయంత్రం అందరూ అడిగేది, మీదే ఊరు అని. పక్కవాడు టకీమని మెహసాణా అంటాడు, ఇంకొకడు రాజమండ్రి అంటాడు. పుట్టింది విశాఖలో, ఒకటో తరగతి జబల్‌పూర్‌లో, పది గువాహటిలో అయినవాడు ఏం చెప్పాలి? రాష్ట్రాల వారీగా జట్లు కట్టే చోట మన పిల్లలు ఎటూ చెందక తలుపు దగ్గర నిలబడిపోతుంటారు. నాకు తోచిన మందు ఒకటే. ఏదో ఒక ఊరి పేరు చెప్పి తప్పించుకోకుండా, అన్ని ఊళ్లూ చెప్పేయండి. నాలుగు భాషల్లో అన్నం అడగగలిగినవాడికి రెండో వారానికల్లా నాలుగు జట్లలోనూ చోటు దొరుకుతుంది. మా దగ్గర చదివి వరంగల్ వైపు వెళ్లిన ఒకబ్బాయి, మెస్‌లో పప్పు కారంగా ఉంది, బెల్లం వెయ్యరు అని ఫోన్ చేశాడు. తెలుగు పిల్లవాడే!

ర్యాగింగ్ అంటే అమ్మలకు భయం. 2009లో వచ్చిన యూజీసీ నిబంధనల ప్రకారం కొత్తవాళ్లను వీలైనంతవరకు వేరే హాస్టల్ బ్లాకులో ఉంచాలి. విద్యార్థి, తల్లిదండ్రులు ప్రతి ఏడాదీ హామీపత్రం ఇవ్వాలి. జాతీయ సహాయవాణి నంబరు 1800-180-5522. ఈ నంబరు మీ ఫోన్లోనే కాదు, అమ్మ ఫోన్లో కూడా ఉండాలి. క్యాంపస్ చూడ్డానికి వెళ్లినప్పుడు మొదటి ఏడాదివాళ్ల బ్లాకు ఏది, వార్డెన్ రాత్రి అక్కడే ఉంటారా అని నేరుగా అడగండి. తడుముకోకుండా జవాబిచ్చారా లేదా చూడండి.

ఇంట్లో ఉండడమే మంచిదైన ఇళ్లు కూడా ఉన్నాయి. నాన్నగారు సరిహద్దులోనో, మారుమూల స్టేషన్లోనో ఉండి, ఇక్కడ అమ్మ, చిన్న తమ్ముడు మాత్రమే ఉన్న ఇల్లు. రోజూ మందులు, పథ్యం తప్పనిసరైన పిల్లలు. పోస్టింగ్ ఇప్పుడే వచ్చి, ఇంకో మూడేళ్లు కదలరని తెలిసినవాళ్లు, కాలేజీ గంటలోపు దూరంలో ఉంటే. వీళ్లు ఇంట్లోనే ఉంటే తక్కువతనం ఏమీ లేదు. అయితే వారంలో రెండు రోజులైనా సాయంత్రం ఏడు దాకా లైబ్రరీలో ఉండాలి. పరీక్షల రాత్రి చదువుకోవడానికి హాస్టల్లో ఒక స్నేహితుడి గది చూసుకోవాలి.

మిగిలినవాళ్లకు, ముఖ్యంగా ఈ ఊళ్లో నాన్నగారి కాలం రెండేళ్లు దాటినవాళ్లకు, నా సలహా ఒక్కటే. మొదటి ఏడాదే హాస్టల్ తీసుకోండి. ఆ ఏడాది గదులు కొత్తవాళ్ల కోసమే కేటాయిస్తారు, అందరూ అందరికీ కొత్తే. వెళ్లేముందు నెల రోజులు మీ బట్టలు మీరే ఉతుక్కోండి, బ్యాంకుకి మీరే వెళ్లండి, జ్వరం వస్తే ఏ మాత్ర వేసుకోవాలో అమ్మను అడిగి రాసుకోండి. ఆధార్‌లో ఏ ఊరి చిరునామా ఉందో చూసుకోండి. మన ఇళ్లలో అది మూడు పోస్టింగుల వెనకది అయి ఉంటుంది.

చివరగా ఫారంలో ఒక గడి గురించి. స్థానిక సంరక్షకుల పేరు, చిరునామా రాయమంటారు. ఊళ్లో చుట్టాలు లేని మనవాళ్లు అక్కడే ఆగిపోతారు. నాన్నగారి ఆఫీసులో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డవాళ్లు, కాలనీలో పదవీ విరమణ చేసినవాళ్లు ఎవరైనా ఉంటే వెళ్లి అడగండి. అడగకుండా మాత్రం పేరు రాయకండి. పోయిన ఏడాది ముగ్గురు నా పేరు రాసుకుంటామని వచ్చారు. సంతోషమే గాని, నా బదిలీ కూడా ఈ ఏడో పై ఏడో ఉంటుందని చెప్పి పంపాల్సి వచ్చింది.