ప్రేక్షకుడే న్యాయనిర్ణేత: మాన్‌హట్టన్ షార్ట్ లఘుచిత్రోత్సవ ఓటు విధానం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

చలనచిత్రోత్సవాల్లో విజేతను న్యాయనిర్ణేతల సంఘం ఎంపిక చేయడం ఆనవాయితీ. న్యూయార్క్ కేంద్రంగా సాగే మాన్‌హట్టన్ షార్ట్ లఘుచిత్రోత్సవం ఆ అధికారాన్ని ప్రేక్షకులకు అప్పగించింది. సుమారు పది రోజుల వ్యవధిలో వివిధ ఖండాల్లోని వందలాది ప్రదర్శనశాలల్లో అవే పది చిత్రాలు చూసినవారు వేసే ఓటే అక్కడ తుది తీర్పు. ఆ ఓటు దేనిని కొలుస్తుంది, దేనిని కొలవలేకపోతుంది అన్న ప్రశ్నను నాట్యశాస్త్రంలోని సిద్ధి విచారం, ప్లేటో అభ్యంతరం, ఓట్ల లెక్కింపు సిద్ధాంతాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: లఘుచిత్రం, ప్రేక్షక ఓటు, సిద్ధి, ప్రాశ్నికులు, అత్యధిక ఓట్ల పద్ధతి, ప్రదర్శన క్రమం.

ఉత్సవ స్వరూపం

1998లో న్యూయార్క్‌లోని లిటిల్ ఇటలీ ప్రాంతంలో, మల్బరీ వీధిలో, ఒక ట్రక్కు పక్కభాగానికి తెర బిగించి కొన్ని లఘుచిత్రాలను ప్రదర్శించారు. మాన్‌హట్టన్ షార్ట్ ఉత్సవానికి అది ఆరంభం. దాని స్థాపకుడు ఆస్ట్రేలియాకు చెందిన నికోలస్ మేసన్. తరువాత ప్రదర్శన యూనియన్ స్క్వేర్ పార్కుకు మారింది. ఈ శతాబ్దపు తొలి దశకంలోనే న్యూయార్క్ దాటి ఇతర నగరాలకు, ఆపై ఇతర దేశాలకు విస్తరించింది. నేడు ఏటా సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో సుమారు పది రోజుల వ్యవధిలో వందలాది ఊళ్లలో ఇది జరుగుతుంది. వీటిలో మహానగరాల సినిమాహాళ్లతోపాటు చిన్న పట్టణాల గ్రంథాలయాలు, కళాశాలలు, మ్యూజియంలు కూడా ఉన్నాయి. మొత్తం ప్రేక్షకులు లక్షకు పైబడతారు.

విధానం సరళమైనది. వచ్చిన ఎంట్రీల నుండి నిర్వాహకులు సాధారణంగా పది చిత్రాలను తుది పోటీకి ఎంపిక చేస్తారు. ఆ పదింటినీ ఒకే కార్యక్రమంగా కూర్చి అన్ని ప్రదర్శనశాలలకూ పంపుతారు. లోపలికి వచ్చే ప్రతి ప్రేక్షకుడి చేతికీ ఒక ఓటుపత్రం ఇస్తారు. పది చిత్రాలూ చూసిన తరువాత అతడు ఉత్తమ చిత్రానికి ఒక ఓటు, ఉత్తమ నటనకు ఒక ఓటు వేస్తాడు. ప్రతి ఊరి లెక్కలూ న్యూయార్క్ చేరతాయి. ప్రదర్శనలు ముగిశాక విజేతను ప్రకటిస్తారు.

మేసన్ స్వదేశంలోని ట్రాప్‌ఫెస్ట్‌ను దీని పక్కన పెట్టి చూస్తే భేదం తేటతెల్లమవుతుంది. 1993లో సిడ్నీలోని ఒక కాఫీ హోటల్లో మొదలైన ఆ ఉత్సవం బహిరంగ మైదానాల్లో భారీ జనసమూహాల మధ్య జరిగే స్థాయికి పెరిగింది. అయినా ప్రధాన బహుమతి నిర్ణయం న్యాయనిర్ణేతలదే. జనం అక్కడ చప్పట్లు కొడతారు, తీర్పు చెప్పరు. జనసంఖ్య వేరు, జనాధికారం వేరు.

అందరూ అన్నీ చూడటం

ప్రేక్షక బహుమతి కొత్త విషయం కాదు. టొరంటో చిత్రోత్సవం 1978 నుండి పీపుల్స్ చాయిస్ బహుమతిని ఇస్తున్నది. 2008లో దానిని గెలుచుకున్న ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ ఆ తరువాత ఆస్కార్ వేదికపై ఎంత దూరం వెళ్లిందో తెలిసినదే. అయితే టొరంటో వంటి ఉత్సవాల్లో వందలాది చిత్రాలుంటాయి. ఏ ప్రేక్షకుడూ వాటన్నిటినీ చూడలేడు. ఒక చిత్రం 1,500 మంది పట్టే హాలులో ఆడితే మరొకటి 150 మంది పట్టే హాలులో ఆడుతుంది. పైగా ఒక చిత్రానికి టిక్కెట్టు కొన్నవాడు ఆ దర్శకుడి మీదనో, ఆ నటుడి మీదనో ముందే అభిమానం ఉన్నవాడు. ఓట్ల సంఖ్యను నేరుగా లెక్కిస్తే పెద్ద హాలు గెలుస్తుంది. సగటు తీస్తే చిన్న హాలులోని వీరాభిమానులు గెలుస్తారు. ఈ చిక్కును సవరించడానికి హాలు పరిమాణాన్ని బట్టి ఓటుకు విలువ కట్టే పద్ధతులు వచ్చాయి. అవి చిక్కును తగ్గిస్తాయి, తొలగించలేవు. ఆ చిత్రాన్ని చూడనివాడు ఏమనేవాడో ఏ సూత్రమూ చెప్పలేదు.

మాన్‌హట్టన్ షార్ట్‌లో ఈ చిక్కు పుట్టనే పుట్టదు. కారణం లఘుచిత్రపు నిడివి. ఆస్కార్ నియమాల ప్రకారం పేర్ల జాబితాతో సహా 40 నిమిషాలకు మించనిది లఘుచిత్రం. ఉత్సవాలకు వచ్చేవి చాలావరకు అందులో సగం కూడా ఉండవు. కాబట్టి పది చిత్రాలను ఒకే కూర్చోవడంలో చూడవచ్చు. ఓటు వేసే ప్రతివాడూ పోటీలోని ప్రతి చిత్రాన్నీ చూశాడు. పోలిక చెప్పే అర్హతకు ఇది కనీస నియమం. న్యాయనిర్ణేతల సంఘాలు మాత్రమే పాటించగలిగిన ఈ నియమాన్ని వేలాది సామాన్య ప్రేక్షకుల చేత పాటింపజేయడమే ఈ ఉత్సవం సాధించిన అసలు విశేషం. ‘ప్రపంచవ్యాప్తం’ అన్న ప్రచారంలో ఈ విశేషం మరుగున పడుతుంది.

ఓటు రహస్యంగా కాగితం మీద పడటం రెండవ మేలు. 2006లో సాల్గనిక్, డాడ్స్, వాట్స్ అనే పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. అంతగా పేరులేని బృందాల 48 పాటలను 14,341 మంది ముందు ఉంచారు. కొందరికి పాటలు మాత్రమే కనిపించాయి. మరికొందరికి, వేర్వేరు సమూహాలుగా, తమకు ముందువారు ఏ పాటను ఎన్నిసార్లు దించుకున్నారో ఆ సంఖ్య కూడా కనిపించింది. సంఖ్య కనిపించిన సమూహాల్లో విజయాల మధ్య అంతరం పెరిగింది. అంతేకాక ఒక సమూహంలో గెలిచిన పాట మరొక సమూహంలో గెలవకపోవడం కనిపించింది. నేటి కళాశాల లఘుచిత్ర పోటీల్లో వ్యూలనూ లైకులనూ మార్కుల్లో కలిపే అలవాటు మన దగ్గరా ఉంది. దానిని ‘ప్రేక్షకాదరణ’ అనడం పొరపాటు. అది ముందు వచ్చినవారి ఆదరణకు వెనుక వచ్చినవారు పలికే ప్రతిధ్వని.

ప్రాశ్నికులు, ప్రేక్షకులు

ప్రేక్షకుడి స్పందనకు ప్రమాణస్థానం ఇవ్వాలా అన్న ప్రశ్న నాట్యశాస్త్రంలోనే ఉంది. 27వ అధ్యాయం ప్రయోగసిద్ధిని మానుషి, దైవికి అని రెండుగా విభజిస్తుంది. మానుషి సిద్ధిలో వాఙ్మయి, శారీరి అని మళ్లీ రెండు భేదాలు. చిరునవ్వు, పెద్దనవ్వు, ‘సాధు’, ‘అహో’, ‘కష్టమ్’ అనే పలుకులు వాఙ్మయి. గగుర్పాటు, ఆసనం నుండి లేచి నిలబడటం, వస్త్రాలనూ ఉంగరాలనూ నటుల వైపు విసరడం శారీరి. అంటే భరతుని దృష్టిలో ప్రేక్షకుడి శరీరమే తొలి ఓటుపత్రం. ఆ స్పందనలనూ, ప్రయోగంలో దొర్లిన దోషాలనూ లెక్కగట్టడానికి లేఖకుడు, గణకుడు ఉంటారు. వివాదం వచ్చినప్పుడు తీర్పు చెప్పేవారు ప్రాశ్నికులు. యజ్ఞం, నృత్యం, ఛందస్సు, వ్యాకరణం, చిత్రలేఖనం, సంగీతం మొదలైన విద్యలు తెలిసినవారితోపాటు రాజు, వేశ్య, రాజసేవకుడు కూడా ఆ పదిమందిలో ఉన్నారు. స్పందన ప్రేక్షకులది, నిర్ణయం ప్రాశ్నికులది. మన పరిషత్తు నాటకాల్లో జనం ఈలలు వేస్తూ ఉండగా, న్యాయనిర్ణేతలు మార్కుల కాగితాలతో ముందువరుసలో కూర్చునే ఏర్పాటు ఈ విభజనకు దూరపు చుట్టమే.

ప్రేక్షకులందరూ ఒకటి కారని కూడా భరతుడికి తెలుసు. యువకులు శృంగారానికీ, విరాగులు మోక్ష ప్రసంగానికీ, శూరులు వీర రౌద్రాలకూ, వృద్ధులు ధర్మకథలకూ పురాణాలకూ సంతోషిస్తారని అదే అధ్యాయం చెబుతుంది. ఒకే ప్రయోగం అందరినీ సమంగా మెప్పించదన్న ఈ గుర్తింపు నేటి ఓటు లెక్కకు నేరుగా సంబంధించినది.

గ్రీకుల అనుభవం మరింత పదునైనది. ఏథెన్స్ నాటకోత్సవంలో పది తెగల నుండి పదిమంది నిర్ణేతలను ఎంపిక చేసేవారు. వారి తీర్పుల్లో కొన్నింటిని మాత్రమే చీటీ వేసి తీసి లెక్కించేవారు. ప్లేటో తన ‘లాస్’ రెండవ భాగంలో సిసిలీ, ఇటలీ ప్రాంతాల ఆచారాన్ని తప్పుపడతాడు. అక్కడ ప్రేక్షకులు చేతులెత్తి విజేతను తేల్చేవారు. అందువల్ల కవులు ప్రేక్షకులకు విద్య నేర్పడం మాని, వారి అభిరుచికి తామే శిష్యులయ్యారని ఆయన ఫిర్యాదు. మూడవ భాగంలో ఈ పరిస్థితికి ‘థియేట్రోక్రతియా’, అంటే ప్రేక్షక ప్రభుత్వం, అని పేరు పెట్టాడు. ప్లేటోకు ప్రజాస్వామ్యం మీదనే సదభిప్రాయం లేదు కనుక ఈ మాటను యథాతథంగా స్వీకరించనవసరం లేదు. అయితే ఓటు కళాకారుడి మీద ఒత్తిడి తెస్తుందన్న ఆయన గమనికను తోసిపుచ్చడం కష్టం. పదిహేను నిమిషాల్లో ముగిసి, చివరి క్షణంలో మలుపు తిరిగి, వెంటనే అర్థమయ్యే కథకు ఈ విధానం సహజంగా అనుకూలం. హాలు దాటి వెళ్లాక, రెండు రోజుల తరువాత మనసులో పని మొదలుపెట్టే చిత్రానికి తలుపు దగ్గరే ఇచ్చేయవలసిన ఓటుపత్రంలో చోటు తక్కువ. భరతుడు దైవికి సిద్ధికి చెప్పిన లక్షణం ఇక్కడ స్మరణీయం: రంగస్థలం నిండి ఉన్నా, శబ్దంగాని కలవరంగాని లేకపోవడం. ఆ నిశ్శబ్దాన్ని గణకుడు ఎలా లెక్కపెట్టాలి?

ఒక్క ఓటు చెప్పేదెంత

ఓటుపత్రంలో పది పేర్లుంటాయి. గుర్తు పెట్టదగినది ఒక్కటి. అత్యధిక ఓట్లు వచ్చినది విజేత. ఊహకు ఒక హాలులో 100 మంది ఉన్నారనుకుందాం. ఒక చిత్రానికి 19 ఓట్లు, మిగిలిన తొమ్మిదింటికి తలా 9 ఓట్లు వస్తే మొదటిది స్పష్టంగా గెలుస్తుంది. కాని దానిని ఎన్నుకోనివారు 81 మంది. వారిలో చాలామందికి అది పదవ స్థానంలోనిది కావచ్చు. అందరికీ రెండవదిగా నచ్చిన చిత్రమొకటి ఉంటే, ఈ లెక్కలో దానికి ఒక్క ఓటూ రాకపోవచ్చు. పదిమంది పోటీలో ఉన్నప్పుడు నూటికి పది ఓట్లకు కాస్త పైన దక్కినా గెలవగలగడం ఈ పద్ధతి స్వభావం.

ఈ లోపాన్ని ఫ్రాన్సులో బోర్దా 1770లోనే అకాడమీ ముందుంచాడు. ప్రతి ఓటరూ అభ్యర్థులందరినీ వరుసలో పేర్చి, స్థానాన్ని బట్టి మార్కులివ్వాలన్నది ఆయన సూచన. కాండోర్సే 1785లో ఇద్దరిద్దరిని పోల్చి గెలిచేవాడిని వెతకాలన్నాడు. ఆ పోలికలు చక్రంలా తిరిగి ఎవరినీ తేల్చకపోవచ్చునని చూపినవాడూ ఆయనే. ముగ్గురు లేదా అంతకు మించి అభ్యర్థులుంటే, కొన్ని సహజమైన నియమాలన్నిటినీ ఒకేసారి తృప్తిపరచే క్రమ నిర్ణయ పద్ధతి అసాధ్యమని 1951లో కెన్నెత్ యారో నిరూపించాడు. పరిపూర్ణమైనది లేదని మెరుగైనదీ లేదనుకోనక్కరలేదు. నచ్చిన చిత్రాలన్నిటికీ గుర్తు పెట్టనిచ్చే ఆమోద ఓటు పద్ధతిని బ్రామ్స్, ఫిష్‌బర్న్ 1978లో ప్రతిపాదించారు. లఘుచిత్రాల పోటీకి అది చక్కగా అమరుతుంది. ఓటుపత్రం మార్చనక్కరలేదు, ‘ఒకటి’ అన్న మాట తీసివేస్తే చాలు.

ఓటుకు నిపుణుల తీర్పును జోడించడం మరొక దారి. యూరోవిజన్ పాటల పోటీ 2009 నుండి తుది పోటీలో ఆ దారి పట్టింది. 2016లో నిపుణుల లెక్కలో ఆస్ట్రేలియా, ప్రేక్షకుల ఓట్లలో రష్యా ముందు నిలిచాయి. మొత్తంమీద గెలిచింది ఉక్రెయిన్. ఇరుపక్షాలవారూ మొదటి స్థానం ఇవ్వని పాట విజేత కావడం కొందరికి వింతగా తోచింది. నిజానికి అది ఉభయులకూ సమ్మతమైన రెండవ ఎంపికను పైకి తేవడమే.

ప్రదర్శన క్రమం

పది చిత్రాలు ఒకదాని తరువాత ఒకటి నడుస్తాయి. ఆ వరుస తటస్థం కాదు. బ్రస్సెల్స్‌లోని క్వీన్ ఎలిజబెత్ సంగీత పోటీ ఇందుకు మంచి నిదర్శనం. అక్కడ పన్నెండుమంది తుది పోటీదారులు రోజుకు ఇద్దరు చొప్పున ఆరు రోజులు వాయిస్తారు. క్రమాన్ని చీటీ ద్వారా నిర్ణయిస్తారు. ఫ్లోరెస్, గిన్స్‌బర్గ్ 1996లో ఫలితాలను పరిశీలించి, మొదటి రోజు వాయించినవారు వెనుకబడే ధోరణి ఉన్నట్లు చూపారు. అక్కడ తీర్పు చెప్పేవారు ప్రపంచప్రసిద్ధ నిపుణులు. వారికే తప్పని ప్రభావం, సాయంత్రం ఇంటి పని ముగించుకొని వచ్చిన ప్రేక్షకుడికి తప్పుతుందనుకోవడానికి ఆధారం లేదు.

ఇక్కడ విస్తృతి సాయపడదు. పైగా హాని చేయవచ్చు. వేర్వేరు ఊళ్లలో వేర్వేరు వరుసల్లో చిత్రాలు నడిస్తే క్రమ ప్రభావాలు ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి. అన్నిచోట్లా ఒకే కూర్పు నడిచినప్పుడు అదే ప్రభావం లక్షసార్లు కూడుతుంది. ఇరుగుపొరుగు సంగతీ అంతే. వరుసగా రెండు యుద్ధచిత్రాల తరువాత వచ్చే హాస్యచిత్రానికి హాలంతా కృతజ్ఞతతో నవ్వుతుంది. ఆ నవ్వులో ఎంత భాగం ఆ చిత్రానిదో, ఎంత భాగం ముందు నడిచిన రెండింటిదో విడదీయడం కష్టం. ఓట్ల సంఖ్య పెరిగే కొద్దీ యాదృచ్ఛికమైన తప్పు తగ్గుతుంది. క్రమం తప్పని తప్పు మాత్రం అలాగే ఉంటుంది. నేడు డిజిటల్ ఫైళ్లుగా వెళ్లే చిత్రాలను మూడు నాలుగు వరుసల్లో కూర్చి పంపడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

పదింటిని ఎన్నినవారు

ప్రేక్షకుడి ముందుకు పది చిత్రాలు రాకముందే తక్కినవన్నీ వెనుదిరుగుతాయి. వాటిని చూసి, వద్దన్నవారు కొద్దిమంది నిర్వాహకులు. పోటీ ఫలితంలో అత్యంత నిర్ణాయకమైన ఘట్టం ఇదే. ఇందులో ప్రేక్షకుడికి ప్రమేయం లేదు. ఏథెన్స్‌లోనూ ఏ కవికి బృందగానం మంజూరు చేయాలన్నది ముందుగా ఒక అధికారి నిర్ణయించేవాడు. కాబట్టి ఈ బహుమతిని ‘ప్రపంచం మెచ్చిన లఘుచిత్రం’ అనడం కన్న, నిపుణులు ఏరిన పదింటిలో ప్రేక్షకులు మొదటిదన్న చిత్రం అనడం వాస్తవానికి దగ్గర. ఆ వర్ణనలో చిన్నతనమేమీ లేదు.

నిర్వాహకుల ఎంపికకు మరొక బరువు కూడా ఉంది. ఆస్కార్ లఘుచిత్ర విభాగాల్లో పరిశీలనకు అర్హత పొందే మార్గాల్లో ఒకటి, నిర్ణీత అమెరికన్ నగరంలో టిక్కెట్టు ప్రదర్శనగా వరుసగా ఏడు రోజులు ఆడటం. తుది పోటీకి చేరిన చిత్రాలకు ఈ ఉత్సవం లాస్ ఏంజెలెస్‌లో అటువంటి ప్రదర్శనను కల్పిస్తూ వచ్చింది. అంటే పదిలో ఒకటి కావడంతోనే లఘుచిత్ర దర్శకుడికి అతి విలువైన ద్వారం తెరుచుకుంటుంది. ప్రేక్షకుల ఓటు ఆ తరువాతి మాట. మొదటి స్థానానికీ పదవ స్థానానికీ మధ్యనున్న దూరం కన్న, పదవ స్థానానికీ పదకొండవ స్థానానికీ మధ్యనున్న దూరం ఎక్కువ. ఆ పదకొండవ చిత్రం పేరు ఏ ఓటుపత్రంలోనూ ఉండదు.