తుపాను సముద్రపు ఛాయాచిత్రాల్లో షట్టర్ వేగం – భావస్ఫూర్తి

ఉపోద్ఘాతం:
ఛాయాచిత్రం ఒక క్షణాన్ని పట్టి నిలుపుతుందని సాధారణంగా చెబుతారు. అయితే ఆ క్షణానికీ కొంత నిడివి ఉంటుంది. కెమెరాలోకి కాంతి ప్రవేశించే ఆ నిడివినే షట్టర్ వేగం అంటారు. కల్లోల సముద్రాన్ని చిత్రించేటప్పుడు చూపరిలో కలిగే భావాన్ని చాలావరకు నిర్ణయించేది ఇదే.

అల – కాలప్రమాణం:
ఒడ్డును సమీపించే అల సెకనుకు 5 మీటర్ల వేగంతో కదులుతోందనుకుందాం. సెకనులో 1000వ వంతు కాలంలో అది 5 మిల్లీమీటర్లే జరుగుతుంది. అందువల్ల చిత్రంలో అల రాతిగోడలా బిగుసుకొని, తుంపరలు విడివిడిగా కనిపిస్తాయి. విరిగిపడబోయే అల ఎన్నటికీ విరగక నిలిచి ఉండటమే అక్కడి భయానికి మూలం. సెకనులో నాలుగో వంతులో ఆ అల 1.25 మీటర్లు సాగుతుంది. నురగ చారలై, వెనుదిరిగే నీటి లాగుడు కంటికి తెలుస్తుంది. 30 సెకన్లలో అనేక అలలు వచ్చిపోతాయి. అవన్నీ ఒకదానిలో ఒకటి కలిసి సముద్రం పొగమంచులా పరచుకుంటుంది. పగటి వెలుగులో ఇంతటి నిడివి కావాలంటే కాంతిని తగ్గించే ఎన్‌డి ఫిల్టరు అవసరం. పెనుగాలికి ట్రైపాడ్ కదిలితే కదలని బండలు కూడా చెదిరిపోతాయి.

చారిత్రక నిదర్శనం:
ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు గుస్తావ్ లె గ్రే 1857లో సెత్ తీరంలో తీసిన ‘మహాతరంగం’ ఇందుకు మంచి ఉదాహరణ. నాటి కొలోడియన్ పలక నీలికాంతికి అధికంగా స్పందించేది. సముద్రానికి సరిపడే నిడివి ఇస్తే ఆకాశం తెల్లబారేది. అందుచేత ఆయన అలకొక నెగెటివ్, మేఘాలకొక నెగెటివ్ వాడి, దిక్చక్రరేఖ వద్ద జోడించి ముద్రించాడు. ఏకక్షణంగా తోచే ఆ దృశ్యంలో నిజానికి రెండు సమయాలున్నాయి.

రసదృష్టి:
అలంకారశాస్త్ర పరిభాషలో సముద్రాన్ని ఆలంబన విభావంగా భావిస్తే, షట్టర్ వేగం ఉద్దీపన విభావాలను మార్చే సాధనమవుతుంది. ఆలంబనం ఒకటే అయినా అత్యల్ప నిడివి భయానకానికి, మధ్యమ నిడివి అద్భుతానికి, దీర్ఘ నిడివి శాంతానికి దారితీయవచ్చు.

ముగింపు:
దీర్ఘ నిడివి చిత్రం కళగా సమర్థనీయమే. కాని పడవను ముంచగల కెరటాన్ని అది పాలనురగగా చూపుతుంది. దానినే తుపానుకు సాక్ష్యంగా స్వీకరిస్తే ప్రమాదం కనుమరుగవుతుంది. కనుక విమర్శకుడు చిత్రంలో ఏముందని మాత్రమే కాక, ఎంతసేపటి సముద్రం ఉందని కూడా ప్రశ్నించాలి.