ఎముక విరగలేదు, మరి నొప్పి ఎందుకు తగ్గదు?

ఎండాకాలం వచ్చిందంటే ఖమ్మం, భద్రాచలం మధ్య అడవుల్లో తునికాకు కోత మొదలవుతుంది. అంతకు ముందు ఇప్పపూల కాలం. తాటిచెట్లున్న ఊళ్ళలో గీత పని సరేసరి. అన్నీ చేతి మీద ఆధారపడిన పనులే. కొమ్మ మీద నుంచో, వాగులో నాచుపట్టిన రాతి మీదో, సైకిల్ మీద నుంచో కాలు జారి పడినప్పుడు మనిషి ఏం చేస్తాడో మీరు గమనించారా? ఆలోచించే వ్యవధి లేకుండానే అరచెయ్యి చాపి నేలకు ఆనిస్తాడు. దానివల్ల తలా మొహమూ దెబ్బ తప్పించుకుంటాయి. ఆ దెబ్బంతా మణికట్టు మీద పడుతుంది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తారు. “ఎముక విరగలేదు, బెణికింది అంతే” అని తేలుతుంది. ఇంట్లో అందరికీ ధైర్యం వస్తుంది. పసుపు పట్టు వేస్తారు, వాపు దిగుతుంది. కాని నెల గడిచినా బిందె ఎత్తబోతే మణికట్టులో టక్కుమంటుంది, పట్టు జారిపోతుంది. “నరం పట్టింది” అంటారు పెద్దవాళ్ళు. నరాలు కబుర్లు మోసే తీగలు మాత్రమే, ఎముకలను పట్టి ఉంచేవి వేరే ఉన్నాయి. వాటిని సంధిబంధనాలు అంటారు. ఎముకకూ ఎముకకూ మధ్య కట్టిన గట్టి పీచుతాళ్ళు అవి. కండరాన్ని ఎముకకు కట్టేది స్నాయుబంధనం. ఈ రెంటికీ తేడా గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికివస్తుంది.

మణికట్టు తలుపు బందులాంటి కీలు కాదు. ముంజేతిలోని రత్ని, అరత్ని ఎముకలకూ అరచేతి ఎముకలకూ మధ్య గులకరాళ్ళవంటి 8 చిన్న ఎముకలు రెండు వరుసల్లో ఉంటాయి. ముంజేతి వైపు వరుసలో మూడింటి సంగతి చూద్దాం. బొటనవేలి వైపు ఉన్నది స్కాఫాయిడ్. గ్రీకు భాషలో పడవకున్న పేరు నుంచి ఈ మాట వచ్చింది. నడుమ ఉన్నది లూనేట్. లాటిన్‌లో లూనా అంటే చంద్రుడు, పక్కనుంచి చూస్తే ఇది నిజంగానే చంద్రవంకలా ఉంటుంది. చిటికెనవేలి వైపు ఉన్నది ట్రైక్వెట్రం, అంటే మూడు మూలలది.

ఈ మూడింటిలో చిత్రమేమిటంటే, ముంజేతి కండరాల నుంచి వచ్చే స్నాయుబంధనం ఒక్కటి కూడా వీటికి అంటుకుని ఉండదు. వేళ్ళకూ అరచేతికీ పోయే తాళ్ళన్నీ వీటిని దాటిపోతాయి. ఇరుగుపొరుగు ఎముకలు నెడితే కదలడమే వీటి పని. నొక్కుడు పడినప్పుడు స్కాఫాయిడ్ అరచేతి వైపు వంగాలని చూస్తుంది, ట్రైక్వెట్రం చేతి వెనక వైపు తిరగాలని చూస్తుంది. మధ్యనున్న లూనేట్‌ను రెండు పక్కలా బంధనాలు పట్టుకుని ఉంటాయి. ఇద్దరు పిల్లలు రెండు చేతులూ పట్టుకుని ఎదురెదురుగా లాగుతుంటే నడుమనున్న పిల్లవాడు కదలకుండా నిలబడినట్లు, లూనేట్ సమంగా నిలుస్తుంది.

ఇప్పుడు ఒక చెయ్యి వదిలేశారనుకోండి. స్కాఫాయిడ్, లూనేట్‌ల నడుమ బంధనం తెగితే జరిగేది అదే. స్కాఫాయిడ్ అరచేతి వైపు ఒరిగిపోతుంది. లూనేట్ ట్రైక్వెట్రం వెంట వెనక్కి తిరుగుతుంది. ఎముక ఒక్కటీ విరగలేదు, కాని వరుస చెదిరింది. డాక్టర్లు దీన్ని మణికట్టు అస్థిరత అంటారు. అమెరికాలో మేయో క్లినిక్‌కు చెందిన లిన్‌షీడ్, డోబిన్స్ తదితరులు 1972లో ఈ అస్థిరత రకాలను వివరంగా రాశారు. రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుక్కున్నది 1895లో. చిత్రం తీసే సాధనం చేతికొచ్చాక కూడా, ఆ చిత్రంలో దేన్ని చూడాలో స్పష్టం కావడానికి ఇంతకాలం పట్టిందన్నమాట.

సంధిబంధనం ఎక్స్‌రేలో కనబడదు. దాని జాడ మాత్రం తెలుస్తుంది. చెయ్యి ఊరికే బల్ల మీద పెట్టి తీస్తే ఒక్కోసారి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. పిడికిలి గట్టిగా బిగించి తీస్తే, కింది వరుసలోని పెద్ద ఎముక పై వరుసను మేకులా చీలుస్తుంది. తెగిన బంధనం ఉంటే ఆ రెండు ఎముకల మధ్య సందు 3 మిల్లీమీటర్లకు మించి కనిపిస్తుంది. ముందు పళ్ళ మధ్య సందుకు పేరుపడిన టెరీ థామస్ అనే ఇంగ్లీషు హాస్యనటుడి పేరే డాక్టర్లు ఈ గుర్తుకు పెట్టుకున్నారు. రెండో చెయ్యి కూడా తీసి పోల్చి చూడాలి, కొందరికి పుట్టుకతోనే సందు కాస్త ఎక్కువ. అనుమానం తీరకపోతే ఎమ్మారై తీస్తారు. లేదా 2, 3 మిల్లీమీటర్ల గొట్టాన్ని కీలులోకి పంపి కంటితోనే చూస్తారు.

విరిగిన ఎముక దానంతటది అతుక్కుంటుంది కదా, బంధనం ఎందుకు అతుక్కోదు? ఎముకలో రక్తనాళాలు సమృద్ధిగా ఉంటాయి. విరిగినచోట రక్తం గడ్డకట్టి, దాని మీద కొత్త ఎముక పేరుకుంటుంది. బంధనానికి రక్త సరఫరా తక్కువ. పైగా అది కీలు ద్రవంలో తడుస్తూ ఉంటుంది, గడ్డ నిలవదు. తెగిన కొసలు రెండూ దూరంగా జరిగిపోతాయి. పుత్తూరు కట్టు పేరు మీరు వినే ఉంటారు. మన ఊళ్ళలోనూ వెదురుబద్దలతో కట్టేవాళ్ళున్నారు. కట్టు వేస్తే ఎముక కదలకుండా ఉంటుంది, నిజమే. కాని లోపల ముడుచుకుపోయిన బంధనం కొసను ఏ కట్టూ దగ్గరకు లాగలేదు. బంధనం కొద్దిగా మాత్రమే చీలితే పిండికట్టు చాలవచ్చు. పూర్తిగా తెగితే శస్త్రచికిత్స కావాలి.

అది ఎలా చేస్తారు? చెయ్యి మొద్దుబారేలా మందు ఇచ్చి, మణికట్టు వెనక వైపు కోస్తారు. వేళ్ళను చాచే తాళ్ళను పక్కకు జరిపితే కీలు పొర కనిపిస్తుంది. దాన్ని తెరచి, ఒరిగిపోయిన ఎముకల్లో ఒక్కొక్క సన్నని ఉక్కు తీగ గుచ్చుతారు. ఆ తీగలే పిడులు. వాటిని పట్టుకుని స్కాఫాయిడ్‌ను పైకి లేపి, లూనేట్‌ను ముందుకు వంచి, రెంటినీ సరైన వరుసలోకి తెస్తారు. జర్మన్ సర్జన్ మార్టిన్ కిర్ష్‌నర్ 1909లో ప్రవేశపెట్టిన తీగలివి, నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. బంధనం తరచుగా స్కాఫాయిడ్ వైపు నుంచి ఊడివస్తుంది. అక్కడ దారం కట్టిన చిన్న మేకును ఎముకలో దించి, ఆ దారంతో బంధనాన్ని తిరిగి కుడతారు. వెనక వైపు భాగమే అన్నిటికన్నా బలమైనది గనుక దాని మీదే ఎక్కువ శ్రద్ధ. కుట్టు మానేదాకా ఎముకలు కదలకూడదు, అందుకని వాటిని తీగలతో ఒకదానికొకటి బిగించి పిండికట్టు వేస్తారు. సుమారు 2 నెలలకు తీగలు తీస్తారు. తరవాత వ్యాయామం. బరువు పనులకు దాదాపు 6 నెలలు ఆగాలి. మణికట్టు మునుపటంత వంగదు, పట్టు మాత్రం నిలుస్తుంది.

ఇదంతా దెబ్బ తగిలిన మొదటి కొన్ని వారాల్లో అయితేనే. తునికాకు కోత కూడా ఏడాదిలో కొన్ని వారాలే. ఆ రోజుల్లో పని మానితే ఆ ఏటి డబ్బు పోయినట్లే. చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెల నుంచి భద్రాచలం రావడమే ఒక పూట పని, అక్కడి నుంచి ఖమ్మం ఇంకో 120 కిలోమీటర్లు. కోత అయ్యాక చూద్దాంలే అనుకునేసరికి, కుట్టడానికి వీలున్న కాలం కూడా కోతతో పాటే అయిపోతుంది. ఇది బద్ధకం కాదు, లెక్క. బంధనానికి ఆ లెక్క తెలియదు.

ఆలస్యమైతే కుట్టడానికి పనికివచ్చే బంధనం మిగలదు. అప్పుడు స్నాయుబంధనాన్ని అరువు తెస్తారు. ఇటలీకి చెందిన బ్రునెల్లి 1995లో చెప్పిన పద్ధతిలో, మణికట్టును వంచే ఒక స్నాయుబంధనం నుంచి సన్నని పీలిక తీసి, స్కాఫాయిడ్‌లో చేసిన రంధ్రం గుండా లాగి కడతారు. దాన్ని తరవాతి వాళ్ళు మెరుగుపరిచారు. ఇలా అరువిచ్చే తాళ్ళలో ఒకటి మీ చేతిలోనే చూడవచ్చు. బొటనవేలినీ చిటికెనవేలినీ కలిపి, మణికట్టును కొంచెం లోపలికి వంచండి. నడిమధ్యన తాడులా ఒకటి పైకి లేస్తుంది. అది పామారిస్ లాంగస్. మీ తరగతిలో కొందరికి అది కనబడదు, వాళ్ళకు పుట్టుకతోనే లేదు. లేకపోయినా ఏ లోటూ రాదు. సర్జన్లకు అది ఇష్టమైన తాడు కావడానికి కారణం అదే.

ఏళ్ళ తరబడి అలాగే వదిలేస్తే, ఒరిగిన స్కాఫాయిడ్ రత్ని అంచున రాసుకుని రాసుకుని మృదులాస్థి అరిగిపోతుంది. ఇక కుట్టడానికీ, తాడు వేయడానికీ ఏమీ ఉండదు. స్కాఫాయిడ్‌ను తీసివేసి, మిగిలినవాటిలో నాలుగు ఎముకలను ఒక్కటిగా అతికిస్తారు. నొప్పి చాలావరకు పోతుంది, మణికట్టు కదలిక సుమారు సగం పోతుంది. ఆ చేతితో కలం పట్టవచ్చు, అన్నం కలుపుకోవచ్చు, బిందె ఎత్తవచ్చు. మోకు బిగించి మళ్ళీ తాటిచెట్టు ఎక్కవచ్చా అన్నది డాక్టరూ ఆ మనిషీ కూర్చుని తేల్చుకోవలసిన సంగతి.