ముఖ మెరుగని బేరము – మూడు తాళపుచెవుల పద్ధతి

పశువుల సంతలో బేరము కుదిరిన పిమ్మట జరుగు తంతును గమనించినవారికి ఒక విషయము తెలిసియే యుండును. కొనువాడు నోట్లు లెక్కపెట్టుచున్నంతసేపు అమ్మువాడు ఎద్దు పగ్గమును చేత పట్టుకొనియే యుండును. సొమ్ము ఒక చేతికి చేరిన తరువాతనే రెండవ చేతినుండి పగ్గము వదలును. ఇద్దరును ఎదురెదురుగా నిలిచి యున్నారు. చుట్టును నలుగురు చూచుచున్నారు. కావున "ముందు ఎవరు ఇవ్వవలెను?" అను ప్రశ్న అచ్చట పుట్టనే పుట్టదు.

ఇప్పుడు అమ్మువాడు బెర్లిన్ నగరములోను, కొనువాడు మాడ్రిడ్ నగరములోను ఉన్నారనుకొనుడు. ఒకరి ముఖము మరొక రెరుగరు. వారికి పరిచయము కంప్యూటరు తెరమీదనే. అమ్మబడునది ఎద్దు కాదు. బిట్‌కాయిన్ అను కంప్యూటరు నాణెములో పదవ వంతు. దానికి మారుగా యూరోలను బ్యాంకు ద్వారా పంపవలెను. అమ్మువాడు నాణెమును ముందుగా పంపినచో కొనువాడు మాట్లాడక ఊరకుండవచ్చును. కొనువాడు సొమ్మును ముందుగా పంపినచో అమ్మువాడు కానరాకుండ పోవచ్చును. ఇద్దరును మంచివారే అయినను, ఎదుటివాడు మంచివాడని తెలిసికొను దారి లేదు గనుక బేరము సాగదు.

ఈ చిక్కు కొత్తది కాదు. దూరపు వ్యాపారము ఎంత పాతదో ఇదియు అంత పాతది. దీనికి లోకము కనుగొనిన ఉపాయము మధ్యవర్తి. పందెము వేసికొను ఇద్దరు సొమ్మును మూడవవాని చేతిలో పెట్టుట మన పల్లెలలో అందరెరిగినదే. ఇంగ్లీషువారు దీనికి ఎస్క్రో అని పేరు పెట్టిరి. ఆ మాటకు మూలమైన పాత ఫ్రెంచి పదమునకు తోలుకాగితపు ముక్క యని అర్థము. ఒప్పుకొనిన షరతు నెరవేరువరకు దస్తావేజును మూడవవాని యొద్ద ఉంచెడివారు. ఆ దస్తావేజు పేరే పద్ధతికి కూడ నిలిచిపోయినది.

బిట్‌కాయిన్ విషయములో మధ్యవర్తి అవసరము మరింత ఎక్కువ. సతోషి నకమోటో అను మారుపేరుతో 2008 అక్టోబరులో వెలువడిన వ్యాసములో వర్ణింపబడి, 2009 జనవరినుండి నడచుచున్న ఈ నాణెమునకు బ్యాంకు లేదు, ముద్రణశాల లేదు. ఉన్నదెల్ల ఒక చిట్టా. దాని ప్రతులు ప్రపంచమందలి వేలకొలది కంప్యూటర్లలో నుండును. సుమారు 10 నిమిషముల కొకసారి ఆ చిట్టాకు కొత్త పుట చేరును. ఒక పద్దు మీద ఆరు పుటలు పడినచో, అనగా గంటసేపు గడచినచో, దానిని మార్చుట ఆచరణలో అసాధ్యమని వ్యాపారులు భావింతురు. పొరపాటున పంపినను, మోసపోయి పంపినను, చెక్కును ఆపినట్లు ఆపుటకు అచ్చట మేనేజరెవరును లేరు. అటు బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ము సంగతి వేరు. మోసము జరిగినదని ఫిర్యాదు వచ్చినచో బ్యాంకు దానిని నిలిపివేయవచ్చును, కొన్ని సందర్భములలో వెనుకకు కూడ తీసికొనవచ్చును. ఈ విధముగా అమ్మువాడు తిరిగిరాని దానిని ఇచ్చి, తిరిగిపోగల దానిని పుచ్చుకొనుచున్నాడు.

మొదట ఆచరణలోనికి వచ్చిన పద్ధతి సులభమైనది. నాణెమును మధ్యవర్తికే అప్పగించుట. ఫిన్లండు రాజధానియగు హెల్సింకిలో 2012లో ఏర్పడిన లోకల్‌బిట్‌కాయిన్స్ అను సంస్థ ఇట్లే నడచెను. బేరము మొదలుకాగానే అమ్మువాని నాణెము సంస్థ అధీనములో నిలిచిపోవును. సొమ్ము ముట్టినదని అమ్మువాడు ఒప్పుకొనగానే కొనువానికి చేరును. ఆ సంస్థ 2023లో మూతపడునంతవరకు అనేక దేశములవారు దానిని వాడిరి. కాని ఈ పద్ధతిలో పందెపు సొమ్ము నిజముగానే మూడవవాని చేతిలో నున్నది. అతడు దొంగ కానక్కరలేదు; అతని ఇంట దొంగలు పడినను చాలును. మధ్యవర్తిత్వము కాకపోయినను, ఇతరుల నాణెములను తనయొద్ద దాచు మారకపు సంస్థ విషయములో దీని ఫలితమెట్లుండునో టోకియోలో కనబడినది. అచ్చటి మౌంట్ గాక్స్ 2014 ఫిబ్రవరిలో దివాలా తీసినపుడు సుమారు 8 లక్షల 50 వేల బిట్‌కాయిన్‌లు కానరాలేదని ప్రకటించెను. తరువాత దొరకినవి సుమారు 2 లక్షలు మాత్రమే.

అట్లయినచో మధ్యవర్తినే తీసివేయరాదా? కంప్యూటరు ఇంత చేయుచుండగా ఈ ఒక్క పని చేయలేదా? చేయలేదు. జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు చెందిన పాగ్నియా, గార్ట్‌నర్ అను పండితులు 1999లో దీనినే నిరూపించిరి. నమ్మదగిన మూడవ పక్షము లేనిదే ఇద్దరి నడుమ పూర్తిగా న్యాయమైన మారకము సాధ్యము కాదు. ఎన్ని వంతులుగా విడదీసి ఇచ్చిపుచ్చుకొనినను, ఏదో ఒక వంతువద్ద ఒకడు ముందును రెండవవాడు వెనుకయు ఉండక తప్పదు. అంతకు రెండేండ్ల ముందు, 1997లో, అశోకన్, షుంటర్, వైడ్నర్ అనువారు మరొక దారి చూపిరి. మూడవవాడు ఉండవలసినదే, కాని తగవు వచ్చినపుడు మాత్రమే అతనిని పిలిచిన చాలును. ఈ రెండు ఫలితములను కలిపి చూచినచో ప్రశ్న చక్కగా తేలును. తీర్పు చెప్పు అధికారముండి, సొమ్ము ఎత్తుకొనిపోవు శక్తి లేని మధ్యవర్తిని తయారుచేయుట ఎట్లు?

దీనికి జవాబు సంఖ్యాశాస్త్రములో నున్నది. తరగతిలో చేయదగిన చిన్న లెక్కతో మొదలుపెట్టవచ్చును. 5 యొక్క 6వ ఘాతము 15,625. దానిని 23తో భాగించినచో శేషము 8. ఇది నల్లబల్ల మీద ఒక నిమిషము పని. ఇక తిరగవేసి అడుగుడు: 5ను ఎన్నవ ఘాతమునకు హెచ్చించి 23తో భాగించినచో శేషము 8 వచ్చును? విద్యార్థి 1, 2, 3 అని వరుసగా ప్రయత్నించుట తప్ప తిన్నని దారి కనబడదు. 23 చిన్న సంఖ్య గనుక జవాబు త్వరలోనే దొరకును. ఆ స్థానములో తగినంత పెద్ద ప్రధానసంఖ్య ఉన్నచో భూమిమీది కంప్యూటర్లన్నియు కలిసి పనిచేసినను తెమలదు. ముందుకు సులభము, వెనుకకు దుర్గమము. కీలక మిదియే.

బిట్‌కాయిన్‌లో ఘాతములకు మారుగా ఒక వక్రరేఖమీది బిందువులను వాడుదురు. ఆ రేఖ సమీకరణము చూచుటకు ఉన్నత పాఠశాల పుస్తకములోని దానివలెనే యుండును: వై వర్గము, ఎక్స్ ఘనమునకు 7 కలిపినదానికి సమానము. ప్రతి మనిషియు ఒక పెద్ద సంఖ్యను యాదృచ్ఛికముగా ఎన్నుకొని రహస్యముగా నుంచుకొనును. దానినుండి లెక్కించిన బిందువును లోకమునకు ప్రకటించును. రహస్యసంఖ్య తెలిసినవాడు మాత్రమే వేయగల "సంతకము" ఒకటి కలదు. అది సరియైనదో కాదో బహిరంగ బిందువును బట్టి ఎవరైనను పరీక్షింపవచ్చును. చిట్టాలో నాణెము ఒకరినుండి మరొకరికి మారుటకు ఈ సంతకమే ఆధారము. కనుక రహస్యసంఖ్యను తాళపుచెవి అనుట వాడుక.

బ్యాంకు లాకరు తెరచుటకు రెండు తాళపుచెవులు కావలెను; ఒకటి ఖాతాదారుది, రెండవది బ్యాంకుది. బిట్‌కాయిన్‌లో ఇంకొక మెట్టు పైకి పోవచ్చును. ఒక నాణెమునకు మూడు తాళములు వేసి, వానిలో ఏ రెండు తెరచినను చాలునని నియమింపవచ్చును. ఒక తాళపుచెవి అమ్మువానిది, ఒకటి కొనువానిది, ఒకటి మధ్యవర్తిది. మూడింటిలో రెండింటిని ఎన్నుకొను విధములు మూడే గనుక జరుగగలిగినవియు మూడే.

బేరము సవ్యముగా ముగిసినచో అమ్మువాడును కొనువాడును సంతకములు చేయుదురు. నాణెము కొనువానికి పోవును. మధ్యవర్తికి ఈ సంగతి తెలియను కూడ తెలియనక్కరలేదు. యూరోలు రాకుండగనే వచ్చినవని కొనువాడు వాదించినచో మధ్యవర్తి విచారించి అమ్మువానితో కలిసి సంతకము చేయును. నాణెము వెనుకకు వచ్చును. యూరోలు ముట్టిన తరువాత అమ్మువాడు మొండికెత్తినచో మధ్యవర్తి కొనువాని పక్షమున సంతకము చేయును. మధ్యవర్తి ఒక్కడే ఏమి చేయగలడు? ఏమియు చేయలేడు. అతని కంప్యూటరును దొంగలు దోచినను వారికి దొరకునది ఒక్క తాళపుచెవి మాత్రమే. మిగిలిన భయ మొక్కటి: మధ్యవర్తి ఒక పక్షముతో కుమ్మక్కగుట. దీనిని ఏ గణితమును ఆపజాలదు.

ఈ నియమమును చిట్టాలో సులభముగా వ్రాయుటకు గావిన్ ఆండ్రెసెన్ ప్రతిపాదించిన మార్పు 2012 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చెను. ఆ పద్ధతి చిరునామాలు 3 అను అంకెతో మొదలగును. ఇందులో ఒక వింత కలదు. సంతకములను సరిచూచు ఆజ్ఞను వ్రాసినపుడు ఒక పొరపాటు దొర్లి, అది తీసికొనవలసిన వానికంటె ఒకటి ఎక్కువ తీసికొనును. దానిని దిద్దవలెనన్నచో వేలకొలది కంప్యూటర్లు ఒక్కమారు ఒప్పుకొనవలెను. అంతకంటె, ఆ ఆజ్ఞను వాడు ప్రతిసారి సంతకములకు ముందు పనికిరాని సున్న నొకదానిని చేర్చుటయే సులభమనిపించినది. నేటికిని అట్లే చేర్చుచున్నారు. అందరి ఒప్పుదలమీద నడచు యంత్రములో తప్పును దిద్దుటకంటె తప్పుతో కాపురము చేయుటయే మేలైన సందర్భములుండును.

ఇంతవరకు నాణెము సంగతి. యూరోల సంగతి, రూపాయల సంగతి చిట్టాకు తెలియదు. మాడ్రిడ్‌లోని బ్యాంకునుండి సొమ్ము బయలుదేరినదా లేదా అనునది సంతకములలో ఎచ్చటను కనబడదు. మధ్యవర్తి దానిని రశీదులనుబట్టి, ఖాతా వివరములనుబట్టి మామూలు న్యాయాధిపతివలెనే ఊహింపవలెను. మోసగాండ్ర చూపంతయు ఇచ్చటనే. సొమ్ము పంపినట్లు తెరబొమ్మను కల్పించి చూపుట అతి చౌకబారు ఎత్తు. అంతకంటె చెడ్డది, వేరొకరినుండి దోచిన సొమ్మును ఆ ఖాతానుండియే నేరుగా అమ్మువానికి పంపించుట. సొమ్ము నిజముగానే చేరును. అమ్మువాడు నాణెమును వదలును. కొన్నాళ్లకు దోపిడికి గురియైనవాడు ఫిర్యాదు చేయును. పోలీసులు సొమ్ము పోయిన జాడ పట్టుకొని అమాయకుడైన అమ్మువాని ఖాతాను స్తంభింపజేయుదురు. మన దేశములో ఇట్టి నాణెములను ఒకరి కొకరు నేరుగా అమ్ముకొనువారికి ఎదురగు బాధలలో ఇది ముఖ్యమైనది. కావున సొమ్ము ఎవరి పేరిటి ఖాతానుండి వచ్చినదో చూడకుండ తాళము తీయరాదు. పైగా బిట్‌కాయిన్ ఇచ్చట చట్టబద్ధమైన ద్రవ్యము కాదు. 2022నుండి దానిపై లాభమునకు 30 శాతము పన్నును, బదిలీ సమయమున 1 శాతము కోతయు విధింపబడినవి.

మధ్యవర్తి కుమ్మక్కగునను భయమును తొలగించుటకు కొందరు మూడవ తాళపుచెవినే తీసివేసిరి. బిస్క్ అను ప్రోగ్రాము మొదట మూడు తాళపుచెవులతో నడచి, 2019లో రెండింటికి దిగెను. ఇద్దరును సంతకము చేసిననే నాణెము కదలును. మరి ఒకడు మొండికెత్తినచో? అందులకు ఇద్దరును బేరపు సొమ్ము కాక ధరావతు కూడ అందులో ఉంచవలెను. మొండివానికి తన ధరావతు కూడ చిక్కుకొనును. గడువు తీరినను తెమలకున్నచో, ముందే సంతకము చేసియుంచిన పద్దు ప్రకారము మొత్తమంతయు వేరొక నిర్ణీత చిరునామాకు పోవును. ఇద్దరికిని నష్టమన్న భయమే ఇచ్చట మధ్యవర్తి పని చేయును.

ఆలోచన మంచిదే. కాని 2020 ఏప్రిల్‌లో ఒక గడుసువాడు ఆ నిర్ణీత చిరునామాకు బదులు తన చిరునామాను చేర్చు సందును కనుగొనెను. అమ్మువానివలె నటించి, బేరములు మొదలుపెట్టి, గడువు తీరువరకు ఏమియు చేయక కూర్చుండెను. గడువు తీరగానే సొమ్మును, ధరావతులును అతని యింటికే చేరెను. 3 బిట్‌కాయిన్‌లకు పైగా, మొనీరో అను వేరొక నాణెము సుమారు 4,000 పోయినవి. కొన్ని గంటలు వ్యాపారము నిలిపి ఆ సందును పూడ్చిరి. సంతకముల గణితములో లోపము లేదు. ఎదుటివాడు పంపిన చిరునామాను సరిచూడకపోవుటయే లోపము.

సామాన్యులు మోసపోవుటయు సాధారణముగా ఇట్టిచోటనే. "ఫలాన మధ్యవర్తి నమ్మకస్తుడు, అతనిని పెట్టుకొందము" అని ఎదుటివాడే సూచించును. ఆ మధ్యవర్తియు ఎదుటివాడును ఒక్కడే అయినచో మూడు తాళపుచెవులలో రెండు అతనివే. పేరుగల సంస్థ తెరను అచ్చముగా అనుకరించి నకిలీ సంస్థను నిలుపుటయు కలదు. తెలిసినవారు మధ్యవర్తిని తామే వెదకుకొందురు. ఆ సంస్థ చిరునామాను ఎదుటివాడు పంపిన లేఖనుండి కాక స్వయముగా చేతితో వ్రాసి తెరతురు. మూడు తాళముల చిరునామా మూడు బహిరంగ బిందువులనుండి లెక్కవలన వచ్చునదే గనుక, తమ కంప్యూటరులో ఆ లెక్కను తిరిగి చేసి, అందులో తమ బిందువు ఉన్నదని చూచిన పిమ్మటనే అందులోనికి నాణెమును పంపుదురు. మొదట అతి చిన్న మొత్తమును లోనికి పంపి, రెండు సంతకములతో వెలుపలికి తీసి చూచి, తాళములు సరిగా తెరచుకొనుచున్నవని తెలిసిన తరువాత మిగిలిన దానిని పంపుదురు.