హలో షాన్విక్... వినిపిస్తోందా?

అట్లాంటిక్ నడిమధ్యన ఎగిరే విమానం తీరంలోని రాడార్‌కు అందదు. మామూలు వీహెచ్ఎఫ్ రేడియో కూడా దాదాపు 400 కిలోమీటర్లు దాటితే మూగబోతుంది. అప్పుడు పైలట్‌కు ఆసరా షార్ట్‌వేవే. ఆ తరంగాలు పైనున్న అయనోవరణాన్ని తాకి, వేల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతాయి. ఐర్లండ్‌లోని బాలిగిరీన్ కేంద్రం వాటిని అందుకుంటుంది. రేడియోలో దాని పేరు షాన్విక్.

సింగిల్ సైడ్‌బ్యాండ్ సౌకర్యమున్న రేడియో, కాస్త పొడవాటి తీగ ఉంటే ఐరోపాలో ఇంట్లో కూర్చునే ఈ మాటలు వినొచ్చు. మామూలు ట్రాన్సిస్టర్‌లో అయితే బాతు అరుపులే! హోరులోంచి ఓ గొంతు... విమానం ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది, తర్వాతి చోటికి ఎన్నింటికి చేరుతుంది. ఆపరేటర్ ప్రతి అంకెనూ తిరిగి చదివి వినిపిస్తారు. ఒక్కటి తప్పినా ముప్పే మరి.

ఇప్పుడు చాలా సందేశాలు ఉపగ్రహం ద్వారా అక్షరాల్లోనే వెళ్తున్నాయి. అది మొరాయిస్తే మళ్లీ 'షాన్విక్, షాన్విక్' అన్న పిలుపే.